నిర్మాణ కాంట్రాక్టర్ల బాధ్యతా బీమా

ఇల్లు కట్టించే యజమానికీ, కట్టే కాంట్రాక్టరుకీ మధ్య ఒప్పందం ఉంటుంది. పక్కింటివాళ్లు ఆ కాగితం మీద సంతకం పెట్టరు. ఆ సందులో నడిచిపోయే మనిషికి అలాంటి కాగితం ఒకటుందన్న సంగతే తెలియదు. కానీ సెల్లారు తవ్వుతుంటే నెర్రెలిచ్చేది పక్కింటి గోడ. పరంజా మీద నుంచి ఇటుక జారితే గాయపడేది దారినపోయే మనిషి. ఇలా బయటివారి ఒంటికి గాని, ఆస్తికి గాని జరిగిన హానికి కాంట్రాక్టరు చట్టప్రకారం చెల్లించాల్సిన పరిహారాన్ని, కోర్టు ఖర్చులతో సహా, బీమా కంపెనీ భరించే ఏర్పాటే బాధ్యతా బీమా. అమెరికాలో దీని ప్రధాన రూపం కమర్షియల్ జనరల్ లయబిలిటీ పాలసీ. బ్రిటన్‌లో పబ్లిక్ లయబిలిటీ అంటారు. భారతదేశంలో భవన నిర్మాణాల వరకు ఎక్కువగా కనిపించేది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీలోని రెండో భాగం.

ఈ బీమా గురించి కాంట్రాక్టర్లలోనూ, ఇళ్లు కట్టించుకునేవారిలోనూ బలంగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది. పని చెడిపోతే బీమా ఉంది కదా అనుకుంటారు. అది నిజం కాదు. చెడిపోయిన పనిని సరిచేయడానికి అయ్యే ఖర్చు ఈ పాలసీ ఇవ్వదు. ఆ చెడిపోయిన పని వల్ల ఇంకొకరికి జరిగిన హానికి మాత్రమే ఇస్తుంది.

ఈ గీతను స్పష్టంగా గీసిన తీర్పు 1979లో అమెరికాలోని న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఇచ్చింది. ఒక ఇంటి బయటి గోడలకు వేసిన స్టక్కో పూత పగుళ్లిచ్చింది. యజమానులైన వీడో దంపతులు దావా వేశారు. పూత వేసిన స్టోన్-ఈ-బ్రిక్ అనే సంస్థ ఆ ఖర్చు తన బాధ్యతా బీమా కంపెనీ పెట్టుకోవాలంది. కోర్టు కుదరదంది. పూత రంగు మారినా, పెచ్చులూడినా మళ్లీ వేయాల్సింది ఆ పనివాడే, అది అతని వ్యాపారంలో ఉండే నష్టభయం. అదే పెచ్చు ఊడి కింద నిలబడ్డ మనిషి మీదో, రోడ్డు మీద వెళ్లే కారు మీదో పడితే, ఆ ప్రమాదం బీమా పంచుకోవాల్సిన బాపతు. ఈ వీడో కేసు తీర్పును అమెరికా కోర్టులు దశాబ్దాల పాటు ఉదాహరిస్తూ వచ్చాయి.

కట్టినవాడి బాధ్యత చాలా పాతది. బీమా మాత్రం కొత్తది. క్రీస్తుకు పూర్వం పద్దెనిమిదో శతాబ్దానికి చెందిన బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనంలో, ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష. సామాను పాడైతే ఆ నష్టం ఇచ్చుకుని, ఇల్లు తన సొంత ఖర్చుతో మళ్లీ కట్టాలి. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి వాస్తుశిల్పి మీదా, కాంట్రాక్టరు మీదా పదేళ్ల బాధ్యత పెట్టింది. ఆ బాధ్యతకు బీమా తప్పనిసరి చేస్తూ ఫ్రాన్స్ 1978 జనవరిలో స్పినెట్టా చట్టం తెచ్చింది. ఈ పదేళ్ల సూత్రం ఈజిప్టు మీదుగా గల్ఫ్ దేశాల చట్టాల్లోకి నడిచింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 1985 నాటి పౌర చట్టంలోనూ అది ఉంది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వెళ్లినవారు ఇటుకలు మోసి, ఇనుము వంచి లేపిన దుబాయ్ భవనాలకు కాంట్రాక్టర్లు పదేళ్ల జవాబుదారీ మోశారు.

ఇంగ్లండ్ దారి వేరు. అక్కడ చట్టం కేసుల్లోంచి పెరిగింది. లాంకషైర్‌లో రైలాండ్స్ అనే మిల్లు యజమాని నీటి కోసం ఒక రిజర్వాయర్ తవ్వించాడు. పని చేసింది కాంట్రాక్టర్లు. తవ్వుతుండగా పాత గని గోతులు బయటపడినా, వాళ్లు వాటిని సరిగా పూడ్చలేదు. 1860 డిసెంబరులో నీళ్లు ఆ గోతుల్లోంచి దిగి పక్కనున్న ఫ్లెచర్ బొగ్గుగనిని ముంచేశాయి. నష్టం 937 పౌండ్లు. రైలాండ్స్ తప్పేమీ చేయలేదు. గోతుల సంగతి అతనికి తెలియనే తెలియదు. అయినా 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అతన్నే బాధ్యుణ్ణి చేసింది. ప్రమాదకరమైనదాన్ని తన నేల మీద పోగుచేసుకున్నవాడు, అది తప్పించుకుపోతే జరిగే నష్టానికి తప్పు లేకపోయినా జవాబు చెప్పాలన్నది ఆ తీర్పు. కాంట్రాక్టరు పొరపాటుకు యజమాని మూల్యం చెల్లించే పరిస్థితి ఎంత దూరం పోగలదో యజమానులకు అప్పుడు అర్థమైంది.

ఈ సూత్రం ఆరేళ్లు తిరక్కముందే తెలుగు నేల మీదకు వచ్చింది. ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షాలకు తెగి, ఆ నీళ్లు మద్రాసు రైల్వే కంపెనీ కట్టడాలను దెబ్బతీశాయి. రైలాండ్స్ తీర్పు చూపించి కంపెనీ పరిహారం అడిగింది. 1874లో అప్పటి తుది అప్పీళ్ల కోర్టు ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఆ చెరువులు తరతరాల నాటివి, వాటి నీళ్ల మీద సేద్యం బతుకుతోంది, వాటిని నిలబెట్టడం జమీందారు హక్కే కాదు బాధ్యత కూడా, నిర్లక్ష్యం రుజువు కాలేదు, కాబట్టి పరిహారం లేదంది. చెరువు విలువ తెలిసిన తీర్పు అది. అయితే సొంత లాభానికి తవ్వే అపార్ట్‌మెంటు సెల్లారుకు ఆ మినహాయింపు వర్తిస్తుందని ఏ బిల్డరూ ఆశించలేడు.

బాధ్యతా బీమాను ఒక ప్రామాణిక పత్రంగా తీర్చిదిద్దింది అమెరికా. అంతకుముందు ఒక్కో ప్రమాదానికి ఒక్కో పాలసీ ఉండేది. 1940ల మొదట్లో బీమా కంపెనీలు వాటన్నిటినీ కలిపి కాంప్రెహెన్సివ్ జనరల్ లయబిలిటీ అనే ఉమ్మడి నమూనా తెచ్చాయి. 1966లో ‘ప్రమాదం’ అన్న మాట స్థానంలో ‘సంఘటన’ అన్న మాట పెట్టారు. దాంతో ఒక్కసారిగా కూలినదే కాదు, నెలల తరబడి ఊరిన తడి వల్ల పాడైనది కూడా పరిధిలోకి వచ్చింది. 1986లో పేరు కమర్షియల్ జనరల్ లయబిలిటీగా మారింది. ఇప్పుడు చిన్న, మధ్యతరహా కాంట్రాక్టర్లు తీసుకునే పాలసీలో సాధారణంగా ఒక సంఘటనకు 10 లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి 20 లక్షల డాలర్ల పరిమితి ఉంటుంది. ప్రీమియాన్ని కూలీలకిచ్చే జీతాల మొత్తం మీదో, వ్యాపార రాబడి మీదో లెక్కగడతారు. పైకప్పులు వేసేవాడి రేటు, గోడలకు రంగులు వేసేవాడి రేటు కన్నా చాలా ఎక్కువ. మామూలు నమూనాలో లాయరు ఖర్చులు ఆ పరిమితిలోంచి తగ్గించరు, విడిగా భరిస్తారు. దావా నిలబడేది కాకపోయినా కోర్టులో కాంట్రాక్టరు తరఫున నిలబడి వాదించడం బీమా కంపెనీ బాధ్యత. చిన్న కాంట్రాక్టరుకు అసలు ఊపిరి ఇక్కడే ఉంది, ఎందుకంటే గెలిచే కేసు కూడా అతన్ని దివాలా తీయించగలదు.

అమెరికా పాలసీలో పూర్తయిన పనుల బాధ్యత కూడా ఉంటుంది. తాళాలు అప్పగించి వెళ్లిపోయాక, పాలసీ అమల్లో ఉన్న కాలంలో ఆ పని వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే దాని కిందికి వస్తుంది. ఇది ఎందుకు కావాలో హైదరాబాద్ చూసింది. 2019 సెప్టెంబరు 22న వాన పడుతుంటే అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద తలదాచుకున్న ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడింది. ఆమె ప్రాణం పోయింది. ఆ స్టేషన్ ప్రారంభమై అప్పటికి రెండేళ్లు కావస్తోంది. న్యూజెర్సీ న్యాయమూర్తులు నలభయ్యేళ్ల కిందట ఉదాహరణగా ఊహించి రాసిన ప్రమాదానికి ఇది అచ్చమైన రూపం. కట్టడం నడుస్తున్నంత కాలమే బీమా ఉంటే, ఇలాంటి మనిషికి ఆ బీమాతో సంబంధమే ఉండదు.

ఉప కాంట్రాక్టర్ల సంగతి ఇంకా చిక్కు. పెద్ద కాంట్రాక్టరు ఒకడే అయినా సెంట్రింగ్ ఒకరిది, ప్లంబింగ్ ఒకరిది, టైల్స్ ఇంకొకరివి. 1986 నమూనాలో కాంట్రాక్టరు సొంత పనికి జరిగిన నష్టం మినహాయింపే గాని, ఆ నష్టం ఉప కాంట్రాక్టరు పని వల్ల వచ్చి ఉంటే మినహాయింపు వర్తించదన్న వాక్యం చేర్చారు. న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఒక నివాస భవనంలో ఉప కాంట్రాక్టర్ల పనిలోని లోపాల వల్ల వాననీళ్లు లోపలికి దిగి ఫ్లాట్లూ, ఉమ్మడి స్థలాలూ పాడయ్యాయి. 2016లో అదే న్యూజెర్సీ సుప్రీంకోర్టు సైప్రస్ పాయింట్ కేసులో, ఆ నీటి నష్టం బీమా వర్తించే సంఘటనేనని తేల్చింది. వీడో తీర్పు 1973 నమూనా మీద ఇచ్చింది, ఇది 1986 నమూనా మీద. పాలసీలో ఒక్క వాక్యం మారితే కోట్ల డాలర్ల భారం ఒకరి నెత్తి మీద నుంచి మరొకరి నెత్తి మీదకు మారుతుంది. అందుకే అక్కడ పెద్ద కాంట్రాక్టరు, ఉప కాంట్రాక్టరును పనిలోకి దించే ముందు అతని బీమా సర్టిఫికెట్ చూస్తాడు. ఆ పాలసీలో తన పేరు కూడా అదనపు బీమాదారుగా రాయించుకుంటాడు. సర్టిఫికెట్ చూసి, ఆ రెండో పని మరిచిపోయినవాళ్లు కోర్టుల్లో తరచూ కనిపిస్తారు.

న్యూయార్క్ ఇంకో అడుగు వేసింది. 1885 నుంచి మూలాలున్న అక్కడి పరంజా చట్టం ప్రకారం, సరైన రక్షణ సామగ్రి లేక కూలీ ఎత్తు నుంచి పడితే యజమానిదీ, ప్రధాన కాంట్రాక్టరుదీ సంపూర్ణ బాధ్యత. కూలీ అజాగ్రత్తగా ఉన్నాడన్న వాదన సాధారణంగా చెల్లదు. కూలీ పరిహార బీమా తన సొంత మేస్త్రీ నుంచి వస్తున్నా, పెద్ద కాంట్రాక్టరు మీద విడిగా దావా వేయవచ్చు. అందువల్ల న్యూయార్క్‌లో బాధ్యతా బీమా ప్రీమియాలు మండిపోతున్నాయని బిల్డర్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. ఇల్లినాయ్ రాష్ట్రం తన ఇలాంటి చట్టాన్ని 1995లో రద్దు చేసింది. న్యూయార్క్ మాత్రం అట్టిపెట్టుకుంది. ప్రీమియం ఖరీదును తూచేటప్పుడు, పరంజా మీద నిలబడ్డ మనిషి ప్రాణాన్ని కూడా అదే తక్కెడలో పెట్టిన చట్టం ఇది.

భారతదేశంలో కూలీ ఈ బీమాలో ‘థర్డ్ పార్టీ’ కాడు. ఈ విషయం తెలియక పోగొట్టుకునేది చాలా ఉంది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పని కోసం వలస వెళ్లినవారు. అలాంటి ప్రమాదంలో పక్కింటివాడికి బాధ్యతా బీమా వర్తిస్తుంది. శిథిలాల కింద ఉన్న కూలీకి వర్తించేది 1923 నాటి కార్మిక పరిహార చట్టం, దాని కోసం తీసుకునే విడి పాలసీ. ఆ చట్టం లెక్క ఇలా ఉండేది: చనిపోయిన కూలీ నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చవేయాలి. ముప్పయ్యేళ్ల వయసుకు గుణకం 207.98. మౌలివాక్కం నాటికి లెక్కలోకి తీసుకునే వేతన పరిమితి 8,000 రూపాయలు కాబట్టి గరిష్ఠంగా 8,31,920 రూపాయలు. 2020 జనవరిలో పరిమితిని 15,000కు పెంచాక అది 15,59,850 రూపాయలైంది. మేస్త్రీ తెచ్చిన కూలీ అయినా సరే, పని ఎవరి కోసం జరుగుతోందో ఆ ప్రధాన యజమాని పరిహారం కట్టి, తర్వాత మేస్త్రీ దగ్గర వసూలు చేసుకోవాలని చట్టంలోని 12వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడు ఈ చట్టం సామాజిక భద్రతా స్మృతి, 2020లో కలిసిపోయింది. నిర్మాణ వ్యయం మీద కట్టే ఒక శాతం సెస్సు వేరు. అది కార్మిక సంక్షేమ బోర్డుకు వెళుతుంది. సెస్సు కట్టాం కదా, బీమా ఎందుకు అనేవాళ్లు రెండిటినీ కలగాపులగం చేస్తున్నారు.

ఇక భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చిన 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం పేరు విని కాంట్రాక్టర్లందరికీ బాధ్యతా బీమా తప్పనిసరి అనుకుంటారు. అది ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే, వాడే సంస్థల కోసం. మామూలు భవనం కట్టే కాంట్రాక్టరును ఆ చట్టం పట్టించుకోదు.

కాబట్టి ఇక్కడ బరువు మోసేది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ. ఈ తరహా పాలసీ మొదట 1929లో లండన్‌లో థేమ్స్ నది మీద లాంబెత్ వంతెన నిర్మాణానికి ఇచ్చారని బీమా చరిత్రకారులు చెబుతారు. మన దేశంలో వాడే పాలసీ ప్రపంచమంతటా నడిచే, మ్యూనిక్ రీ అనే పునర్బీమా సంస్థ నమూనాకు దగ్గరగా ఉంటుంది. మొదటి భాగం కట్టడానికీ, సామగ్రికీ జరిగే నష్టం చూస్తుంది. నిప్పు, వరద, తుఫాను, దొంగతనం, స్లాబ్ కూలడం, ఇవన్నీ అందులోవే. రెండో భాగం బయటివారికి జరిగే హాని చూస్తుంది. ప్రీమియం ప్రధానంగా కాంట్రాక్టు విలువ మీద ఆధారపడుతుంది. బ్యాంకు అప్పిచ్చేటప్పుడు, ప్రభుత్వ టెండరు దక్కినప్పుడు ఈ పాలసీ అడుగుతారు. అడిగేవారి చూపు ఎక్కువగా మొదటి భాగం మీదే ఉంటుంది, ఎందుకంటే వాళ్ల డబ్బు ఉన్నది అక్కడే. రెండో భాగంలో పరిమితి ఎంత పెట్టారో గట్టిగా అడిగేవారు తక్కువ. పక్కింటివాళ్ల తరఫున అడగడానికి టెండరు గదిలో ఎవరూ కూర్చోరు.

ఈ పాలసీ నిర్మాణానికి అతుక్కుని ఉంటుంది. పని పూర్తయి అప్పగించగానే ముగుస్తుంది. నిర్వహణ కాలానికి పొడిగించుకున్నా అది ఏడాది, రెండేళ్ల మాట, అదీ పరిమితంగా. కట్టినవాడి బాధ్యత మాత్రం అక్కడితో ఆగదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడపు లోపం బయటపడితే ప్రమోటరు ఉచితంగా, 30 రోజుల్లో సరిచేయాలి. నిర్మాణానికి బీమా గురించి అదే చట్టంలో 16వ సెక్షన్ ఉన్నా, అది ప్రభుత్వాలు నోటిఫై చేసినంత మేరకే అమలవుతుంది. ఒక పక్క ఐదేళ్ల బాధ్యత, మరో పక్క ఏడాదికి ముగిసే పాలసీ. ఫ్రాన్స్ 1978లో చట్టంతో పూడ్చిన సందు ఇదే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన లోటు మాత్రం పునాది గుంతలో ఉంది. పక్క స్థలం తవ్వకానికి కదిలిపోయిన నేల, పైల్స్ దిగగొట్టే అదురు, పక్క ఇంటి కింద ఆధారం బలహీనపడటం, ఈ మూడింటి వల్ల వచ్చే నష్టాన్ని మామూలు పాలసీ రెండో భాగం మినహాయిస్తుంది. అంటే నగరంలో పక్కింటికి అసలు జరిగే అవకాశమున్న హానికే బీమా ఉండదు. దాన్ని అదనపు క్లాజుగా, అదనపు ప్రీమియం కట్టి చేర్పించుకోవాలి.

బ్రిటన్ ఈ పాఠం 1958లో నేర్చుకుంది. గోల్డ్ అనే యజమాని కట్టించిన భవనానికి పైల్స్ వేస్తుంటే పక్క ఆస్తి దెబ్బతింది. కాంట్రాక్టరు నిర్లక్ష్యమేమీ లేదు. పక్కవారు యజమానిని పట్టుకున్నారు. కాంట్రాక్టరు బీమా తనను కూడా కాపాడాలని యజమాని అంటే, ఒప్పందం ప్రకారం కాంట్రాక్టరు తన బాధ్యతకే బీమా చేయాలి గాని యజమాని బాధ్యతకు కాదని కోర్టు తేల్చింది. అప్పటి నుంచి అక్కడి ప్రామాణిక నిర్మాణ ఒప్పందాల్లో, ఎవరి నిర్లక్ష్యమూ లేకపోయినా పక్క ఆస్తికి జరిగే నష్టానికి యజమాని, కాంట్రాక్టరు ఉమ్మడి పేర్ల మీద విడిగా పాలసీ తీసుకునే క్లాజు చేరింది. అమెరికాలో 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో నివాస భవనం కూలి 98 మంది చనిపోయినప్పుడూ ఇదే ప్రశ్న లేచింది. అంతకుముందు పక్కనే విలాస భవనం కడుతూ దిగగొట్టిన షీట్ పైల్స్ అదురు కూడా ఒక కారణమని బాధితులు ఆరోపించారు. ఆ ఆరోపణ విచారణ దాకా వెళ్లలేదు. కానీ మరుసటి ఏడాది కుదిరిన 100 కోట్ల డాలర్లకు పైబడిన రాజీ మొత్తంలో, పక్క భవనం కట్టిన సంస్థలు తప్పు ఒప్పుకోకుండానే తమ బీమాల నుంచి వాటా చెల్లించాయి.

హైదరాబాద్‌లో 2024 నవంబరులో గచ్చిబౌలి దగ్గర సిద్దిఖ్ నగర్‌లో పక్క ప్లాటులో పునాది గుంతలు తవ్వుతుండగా, చిన్న స్థలంలో కట్టిన ఒక బహుళ అంతస్తుల భవనం పక్కకు ఒరిగింది. లోపలివాళ్లు ప్రాణాలరచేతిలో పెట్టుకుని బయటపడ్డారు. అధికారులు భవనాన్ని కూల్చేశారు. ఇలాంటి కాలనీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య జానెడు సందు కూడా మిగలదు. మేస్త్రీతో నోటిమాట మీద నడిచే ఇళ్లకు ఏ పాలసీ ఉండదు. పక్కవాడికి మిగిలేది సివిల్ కోర్టు, ఏళ్లు పట్టే దావా.

అదనపు క్లాజు తీసుకున్నా అది ఇచ్చేదీ పరిమితమే. మ్యూనిక్ రీ నమూనాలో 120వ నంబరు క్లాజు, పక్క కట్టడం పూర్తిగానో, కొంత భాగమో కూలితేనే వర్తిస్తుంది. కట్టడం నిలకడను దెబ్బతీయని, లోపలివారికి ప్రమాదం తేని పైపైన పగుళ్లు దాని కిందికి రావు. పని స్వభావాన్ని బట్టి ముందే ఊహించదగిన నష్టమూ రాదు. తవ్వకం మొదలయ్యే ముందు పక్క ఇళ్లు దృఢంగా ఉండాలి, నష్టం జరక్కుండా తగిన ఏర్పాట్లు చేసి ఉండాలి. బీమా కంపెనీ అడిగితే, పని మొదలు కాకముందే పక్క ఆస్తుల స్థితి మీద కాంట్రాక్టరు తన ఖర్చుతో నివేదిక తయారు చేయించాలి. ఆ నివేదిక కోసం ఇంజనీరు పక్కింటి ప్రతి గదిలోకీ వెళ్లి ఉన్న పగుళ్లను కొలిచి, ఫొటోలు తీసి, తేదీ వేసి, ఇంటివాళ్ల సంతకం కూడా తీసుకుంటే, ఆ తర్వాత వచ్చే పగులు పాతదా కొత్తదా అన్న తగాదా అక్కడే తేలుతుంది. పక్కింటివాళ్లు కూడా ఒక ప్రతి తమ దగ్గర ఉంచుకోవచ్చు.